మూడో గాజుపట్టీ

బెరిల్ డాక్ పుట్టుకతో పిరికిది కాదు, పెంపకం వల్ల పిరికిదయింది. ఆ పుణ్యం కట్టుకున్నది వాళ్ళమ్మ ఐవీ. యుద్ధకాలంలో, పంతొమ్మిది వందల నలభై రెండు ఏప్రిల్లో నారిచ్ పట్టణం మీద బాంబులు పడ్డప్పుడు ఒకటి ఐవీ వాళ్ళ పక్కవీధిలో పడింది. ఐవీ వాళ్ళ ఇల్లు ఆ దెబ్బకు పడలేదు. రెండు రోజులు బుద్ధిగా నిలబడి, మూడో రోజు మధ్యాహ్నం, ఐవీ బంగాళాదుంపలు తరుగుతుండగా పడింది. మెట్ల కింద అరలోకి దూరింది కాబట్టి బతికింది. పదకొండు గంటల తర్వాత బయటికి తీశారు. ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికినా ఏ గోడనూ పూర్తిగా నమ్మలేదు.

ఆ ఇల్లు కూలిన తొమ్మిదేళ్ళకు పుట్టిన కూతురికి ఉగ్గుపాలతో పాటు ఈ భయాన్నే పోసింది. "ఇల్లు చెప్పాపెట్టకుండా కూలదే పిల్లా. ముందు తలుపు ఒరుసుకుంటది. తర్వాత ఎవరూ నడవకపోయినా పైనుంచి దుమ్ము రాలుద్ది. ఆ తర్వాత చప్పుడు. పెద్దది కాదు, చిన్న చప్పుడే. అది విన్నాక చెప్పుల కోసం వెతుక్కుంటా కూర్చోకు." ఈ లెక్క ఒక్కోసారి ఒక్కోలా ఉండేది. ఒకసారి మూడు గుర్తులు, ఇంకోసారి అయిదు. చిన్న చప్పుడు మాత్రం ఎప్పుడూ ఆఖరుదే.

అలాంటి బెరిల్ పదిహేనో ఏట బూట్ల ఫ్యాక్టరీలో పైతోళ్ళు కుట్టే గదిలో చేరి, అది మూతపడేదాకా కుట్టింది. అద్దాలు బిగించే డెరెక్‌ను పెళ్ళాడింది. పిల్లలు కలగలేదు. డెరెక్ గుండెపోటుతో పోయిన మరుసటి ఏడు, ఊళ్ళో అన్నిటికంటే ముందుకు వంగిన ఇంట్లో కాపలా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. విన్నవాళ్ళు నవ్వారు. గోడకు చెవి ఆనించి గాని కుర్చీలో కూర్చోని మనిషి స్పార్‌హాక్ ఇంట్లో ఉంటుందా అని. ఉద్యోగంతో పాటు పైన వెనకవైపు రెండు గదులు ఉండటానికి ఇస్తామన్నారు, అంతకు మించిన రహస్యమేమీ లేదు. మొదటి నెలంతా సర్దిన పెట్టె తలుపు దగ్గరే పెట్టుకుంది. రెండో నెల పెట్టె విప్పింది. పంతొమ్మిదేళ్ళు గడిచాయి.

స్పార్‌హాక్ అనేవాడు అయిదారు వందల ఏళ్ళ కిందటి ఉన్ని బట్టల వర్తకుడు. కింద ఇటుక కమానుల నేలమాళిగ, దానిమీద చెకుముకిరాళ్ళ గోడలు, ఆ పైన ఓక్ దూలాలతో సందు మీదికి తోసుకొచ్చిన పొడవాటి గది. ఆ గది నేల ఎంత వాలుగా ఉంటుందంటే, ఎవరి జేబులోంచయినా చిల్లర జారితే కిటికీ కిందికి పోయి ఏరుకోవాలి. బెరిల్‌కు ఆ ఇంటి మూలుగులన్నీ తెలుసు. వానకు ముందు ఏ దూలం పలుకుతుందో, ఎండ తగిలితే ఏ పలక లేస్తుందో నిద్రలో అడిగినా చెప్పేది. భయపడేదాన్నే కనిపెట్టుకుని ఉండటంలో ఒక ధైర్యం ఉంటుంది. ఈ సంగతి ఆమె డెబ్బై ఏళ్ళు దాటాక గాని గ్రహించలేదు.

ఇంటికి అయిదు చోట్ల బీటలున్నాయి. పాత కట్టడాలు చూసే ఇంజనీరు కోలిన్ లార్టర్ ప్రతి బీటకూ అడ్డంగా అరచేతి పొడవున పల్చటి గాజుపట్టీ పెట్టి, రెండు కొసలా ప్లాస్టరు ముద్దతో అతికించాడు. పెట్టిన తేదీ వజ్రపు మొనతో గాజు మీదే గీశాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. ఈ కాలంలో అంకెలు చూపించే పరికరాలొచ్చాయి కదా అంటే కోలిన్ వినడు. "పరికరానికి బ్యాటరీ అయిపోద్ది, గాజుకు అవదు" అంటాడు. అయిదు పట్టీలకూ నంబర్లున్నాయి. మూడోది నేలమాళిగలో, పొడవాటి గది బరువంతా మోసే గోడ మీద ఉంది. పక్కనే అట్ట మీద బెరిల్ గుండ్రటి చేతిరాతతో రాసి పెట్టింది: 'పట్టీ విరిగితే వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేయాలి. ఆయన వచ్చి చూసేదాకా ఇంట్లోకి ఎవరూ రాకూడదు.'

ఆగస్టు చివర ఒక మంగళవారం ఉదయం పొడుగు కర్ర చీపురుతో నేలమాళిగలో బూజు దులిపింది. రెండు వారాల్లో తలుపులు తెరిచే పండగ. ఏటా సెప్టెంబరులో ఊళ్ళో పాత ఇళ్ళన్నీ ఊరికే చూడనిచ్చే నాలుగు రోజులవి. పని ముగించి చీపురు గోడకానించి, కళ్ళజోడు పెట్టుకుని మూడో పట్టీ వైపు చూసింది. నడిమికి విరిగి ఉంది.

బెరిల్ చెయ్యి దానంతటదే ఫోన్ కోసం జేబులోకి పోయింది, అక్కడే ఆగింది.

విరిచింది గోడా, చీపురా? ఆ మూల దులిపినప్పుడు కళ్ళజోడు లేదు. కర్ర దేనికో తగిలినట్టే ఉంది. తగల్లేదేమో. తగిలిందనుకుంటే ఫోన్ చేయక్కర్లేదు. చేస్తే మాత్రం ఏమవుతుందో ఎదురుగానే కనబడుతోంది. సందుకు అవతల పీకాక్ ఇల్లు పన్నెండేళ్ళ కిందట 'మూడు వారాలు' మూసేశారు. ఇప్పుడు దాని కిటికీల్లో పావురాలు, చూరులో మొక్కలు. అక్కడ కాపలా ఉన్న టెడ్ మేస్ పెట్టె పట్టుకుని యార్మత్‌లో చెల్లెలింటికి వెళ్ళాడు. ఏడాది తిరక్కుండా అక్కడే పోయాడు. డాక్టరు న్యుమోనియా అన్నాడు. బెరిల్ మాత్రం ఇల్లు పోయినందుకే పోయాడని నమ్మింది. ఆమెకు వెళ్ళడానికి చెల్లెలు కూడా లేదు.

"చీపురే" అని పైకే అంది. నేలమాళిగలో ఆ మాట వినడానికి ఎవరూ లేరు.

డెరెక్ పనిముట్ల పెట్టెలో గాజు కోసే చక్రం ఇంకా ఉంది. పెట్టె అడుగున కిటికీ అద్దం ముక్కా ఉంది. పాతికేళ్ళు అతని పక్కన నిలబడి చూసిన చెయ్యి కాబట్టి కోత తిన్నగానే వచ్చింది. చక్రం అంచుతో తేదీ గీసింది. మార్చి పదిహేడు. కోలిన్ ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత పెడతాడు, అది కూడా మరిచిపోలేదు. ప్లాస్టరు కలిపి అతికించి, దానికి కాస్త దుమ్ము పూసింది. విరిగిన పాత పట్టీని టీ డబ్బాలో దాచింది. జీవితంలో ఎన్నడూ లైబ్రరీ పుస్తకం కూడా ఆలస్యంగా తిరిగివ్వని మనిషి ఇదంతా గంటలో చేసింది. భయం మనుషులకు నేర్పే పనితనం ఇంకేదీ నేర్పదు.

అయితే ఆ గంటతో భయం తీరిపోయిందనుకుంటే పొరపాటు. అసలుది అప్పుడే మొదలయింది. రోజుకు నాలుగుసార్లు దిగి మూడో పట్టీని చూసొచ్చేది. బాగానే ఉండేది. బాగా ఉన్నందుకు సంతోషించబోయి, అది తన పట్టీ అని గుర్తొచ్చి ఆగిపోయేది. దొంగ పెట్టిన తాళాన్ని దొంగే లాగి చూసుకున్నట్టుంది ఆమె పని.

శనివారం పొడవాటి గదిలో గోడ బీరువా తలుపు ఒరుసుకుంది. పంతొమ్మిదేళ్ళుగా వేలితో తోస్తే మూసుకునే తలుపు. బెరిల్ కొవ్వొత్తి తెచ్చి అంచుకు రాసింది. తడి గాలికి చెక్క ఉబ్బి ఉంటుందనుకుంది. ఆ వారమంతా చినుకు పడలేదు. సోమవారం కిటికీ కింద గోరంత సున్నపు పొడి కనబడింది. తుడిచింది. బుధవారం మళ్ళీ అంతే ఉంది. మళ్ళీ తుడిచింది. వాళ్ళమ్మ ఐవీ చచ్చిపోయి నలభై ఏళ్ళయినా చెవిలో కూర్చుని లెక్క పెడుతూనే ఉంది.

గురువారం కోలిన్ వచ్చాడు. పండగకు ముందు ఒకసారి చూసిపోవడం అతని అలవాటు. ఏడాదిగా మోకాళ్ళు సహకరించక నేలమాళిగ మెట్ల మీదే ఆగి టార్చి వేశాడు. బెరిల్ కింద నిలబడింది. మూడో పట్టీకి అడ్డం రాకూడదు, అడ్డం రాకుండా ఉన్నట్టూ కనిపించకూడదు. ఎక్కడ నిలబడాలో తోచలేదు.

"మూడోది ఎట్టా ఉంది?" అన్నాడు కోలిన్.

"చూస్తన్నావుగా."

"కనబడతానే ఉంది, ఒక్క ముక్కే. నువ్వేంటి, సున్నం కొట్టిన గోడలా ఉన్నావు?"

"పండగ కదా. కథ చెప్పే మార్జరీ ఈసారి మూడొందల మంది వస్తారంటంది."

"మార్జరీ మాటలకేం, నోరు నొప్పి పుట్టదు ఆమెకి." కోలిన్ టార్చి ఆర్పాడు. "బెరిల్, నీలాంటి పిరికోళ్ళు ఇంటికొకరు ఉంటే నాకు పనే ఉండదు. గోడకు దగ్గొస్తే ఫోన్ చేసేస్తావు."

దిగి దగ్గరగా చూడు అని నోటిదాకా వచ్చింది. ఆ మాట అనాలని ఎంత ఉందో, అతను దిగకూడదని అంతే ఉంది. కోలిన్ మోకాలు పట్టుకుని వెనక్కి తిరిగాడు. అతని బూట్లు సందులో వినబడకుండా పోయేదాకా బెరిల్ అక్కడే నిలబడింది. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

శనివారం పొద్దున పదింటికి తలుపులు తీసేసరికి వరస సందు మలుపు దాకా ఉంది. గొడుగులు, విప్పితే పీటయ్యే చేతికర్రలు, శాండ్‌విచ్ డబ్బాలు. ఈ ఊరివాళ్ళు పాత దూలం చూడటానికి వానలో గంట నిలబడతారు, విసుక్కోరు. పైన పొడవాటి గదిలో కథ చెప్పేది మార్జరీ అట్టింగ్. రిటైరైన స్కూలు టీచరు, చేతికర్ర లేనిదే నడవలేదు. మైకు లేకుండా వీధంతా వినిపించగలదు. ఒకసారికి పదిహేను మందే పైకి వెళ్ళాలని నియమం. మార్జరీ దగ్గర పద్దెనిమిది, పందొమ్మిది మంది ఉండేవాళ్ళు. "మనుషులేనే, పియానోలు కాదు" అనేది.

వచ్చిన ప్రతి మనిషి బరువూ బెరిల్ తన భుజాల మీద వేసుకుంది. లావుపాటాయన ఒకడు మెట్లెక్కుతుంటే లోలోపలే ఆయన్ను వెనక్కి లాగింది. ఎవరో చంటిదాన్ని ఎత్తుకుని పైకెళ్ళారు. ఆ బిడ్డ కిందికి వచ్చేదాకా మెట్ల దగ్గరే నిలబడింది. ఇదంతా తను చేసిందే, ఒక్క ఫోన్‌తో ఆగిపోయేదే అనే ఆలోచన మనసులోంచి పోలేదు. ఫోన్ జేబులోనే ఉంది.

పన్నెండు కొట్టాక నేలమాళిగలో నలుగురికి కమానులు చూపిస్తోంది. వాళ్ళలో మెడకు పసుపూ ఆకుపచ్చా మఫ్లరు చుట్టుకున్న మనిషొకడు మూడో పట్టీ ముందు నిలబడి అట్ట మీది రాత చదువుతున్నాడు. అప్పుడు వినబడింది. బిస్కట్ విరిచినంత చప్పుడు, అంతే.

"ఏంటండీ అది?" అన్నాడు అతను.

"పాత ఇల్లు కదండీ, ముసలోళ్ళలాగే మూలుగుతా ఉంటది" అంది బెరిల్. పంతొమ్మిదేళ్ళుగా చెప్పే జోకు. ఆమె అనలేదు, నోరే దానంతటది అనేసింది. అందరూ నవ్వారు. పట్టీ రెండు ముక్కలై ఉంది. ఈసారి చుట్టుపక్కల చీపురు లేదు.

ఆ నలుగురినీ పెరట్లోకి వెళ్ళమంది. తను మెట్ల వైపు నడిచింది. రెండు అంతస్తులెక్కి పొడవాటి గది గుమ్మంలో నిలబడేసరికి లోపల మార్జరీతో కలిపి పందొమ్మిది మంది. ఉన్న మెట్లదారి ఒకటే, ఒక్క మనిషి పట్టేంత వెడల్పు. 'ఇల్లు కూలుతోంది, పరిగెత్తండి' అంటే అందరూ ఒక్కసారి ఆ వాలు నేలమీద గుమ్మంవైపు దూకుతారు. ఆ దూకుడుకే గోడ జారొచ్చు. బెరిల్ గుమ్మానికి ఒక పక్కకు జరిగింది.

"ఏమండీ, కింద పెరట్లో టీ, కేకు. ఇవాళ అన్నీ ఉచితం. అయిపోవస్తన్నాయి. ఒక్కొక్కరే, నెమ్మదిగా దిగండి."

నేను ఈ ఊరివాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళు బతికాను కాబట్టి చెబుతున్నాను, ఇంతకంటే మంచి మాట ఆమెకు దొరికేది కాదు. అందరూ వెంటనే కదిలారు, వెంటనే వరస కట్టారు. వచ్చిన చిక్కల్లా వీళ్ళ మర్యాదతోనే.

"మీరు ముందు."

"అయ్యో, మీరే ముందొచ్చారు."

"కర్ర పట్టుకున్నాయన్ని పోనిద్దాం."

"నాకేం తొందర లేదండీ, మీరు కానివ్వండి."

బెరిల్ పళ్ళు బిగించి నవ్వుతూ నిలబడింది. గుమ్మం దాటే ప్రతి మనిషీ ఆగి ఆమె చెయ్యి పట్టుకుని, ఎంత చక్కటి ఇల్లండీ అన్నారు. ఒకావిడ దూలం మీది వర్తకుడి ముద్ర గురించి అడిగింది. ఇంకొకాయన తన తాత వడ్రంగి అని మొదలుపెట్టాడు. కేకు, కేకు అంటూ బెరిల్ వాళ్ళ వీపుమీద చెయ్యి వేసి సాగనంపింది. ఎనిమిది, తొమ్మిది, పది. కిటికీ కిందినుంచి సన్నగా పొడి రాలడం ఆమెకు మాత్రమే కనబడుతోంది.

"నా కథ మధ్యలో ఏంటే నీ కేకు గొడవ?" అంది మార్జరీ, ఆఖరివాడు దిగుతుంటే. "ఇంకా గులాబీలు చెక్కిన కిటికీ సంగతి చెప్పలేదు."

"మార్జరీ, మూడోది విరిగింది."

మార్జరీ నోరు మూసుకోవడం బెరిల్ అదే మొదటిసారి చూసింది. చేతికర్ర ఒక చేతికి, బెరిల్ భుజం ఇంకో చేతికి తీసుకుని దిగింది. మెట్టు మెట్టుకూ ఆగాల్సి వచ్చింది. సగం దిగాక ఆమె తెల్ల జుట్టు మీద బూడిదరంగు దుమ్ము పడింది. బెరిల్ దులపలేదు, చెప్పనూ లేదు.

పెరట్లో అందరూ కేకు ముక్కల చుట్టూ ఉన్నారు. బెరిల్ వేలితో లెక్కపెట్టింది. ఒకడు తక్కువ. మళ్ళీ లెక్కపెట్టింది. పసుపూ ఆకుపచ్చా మఫ్లరు ఎక్కడా లేదు.

బెరిల్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, 'అమ్మా' అని, దిగింది. అతను నేలమాళిగలో గోడకు జానెడు దూరంలో వంగి విరిగిన పట్టీ ఫోటో తీసుకుంటున్నాడు.

"నా కళ్ళముందే విరిగిందండీ" అన్నాడు ముచ్చటగా. "ఇక్కడ రాసుంది చూశారా? ఇంజనీరుకు ఫోన్ చేయాలంట. ఎవరూ లోపలికి రాకూడదంట."

"ఆ రాత నాదే" అంది బెరిల్. "బయటికి పదండి."

ఫోన్ చేసిన అరగంటలో కోలిన్ వచ్చాడు. నెత్తిన హెల్మెట్, ఈసారి మోకాళ్ళ ఊసెత్తకుండా కిందికి దిగాడు. చాలాసేపటి తర్వాత చేతిలో గాజుముక్కతో పెరట్లోకి వచ్చాడు. దాన్ని అంచు వైపు తిప్పి వెలుగుకు పట్టుకున్నాడు.

"ఇది నా గాజు కాదు."

ఆ ముక్కను బెరిల్ కళ్ళముందు పెట్టాడు.

"నేను పెట్టేది మైక్రోస్కోపు కింద పెట్టే పల్చటి గాజు. ఇది కిటికీ అద్దం, మూడింతలు మందం. ఎవరు పెట్టారు?"

"నేనే. డెరెక్ చక్రంతో కోశాను." తర్వాత అంతా చెప్పింది. చీపురు, కొవ్వొత్తి, తుడిచిన పొడి. టీ డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. పక్కన బెంచీ మీద మార్జరీ వింటూనే ఉంది.

కోలిన్ పాత పట్టీ ముక్కలు రెండూ కలిపి చూశాడు. అతనికి కోపం వచ్చి ఉంటే బాగుండేది.

"చీపురు తగిలితే గాజు చితుకుద్ది బెరిల్. ఇది లాగితే విరిగింది. గోడ విరిచిందే." ముక్కలు తిరిగి టీ డబ్బాలో వేశాడు. "ఆవేళ ఫోన్ చేసుంటే రెండు ఊతాలు పెట్టి, పండగ అయ్యాక నెల రోజుల్లో సర్దేవాణ్ణి. నువ్వు పైనే ఉండేదానివి. ఈ మందం గాజు విరగాలంటే గోడ ఎంత జరగాలో తెలుసా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు."

"ఇల్లు మూస్తారని భయమేసింది."

"తెలుసు" అన్నాడు కోలిన్. "ఇప్పుడు మూస్తారు."

ఇల్లు చూసుకునే ట్రస్టువాళ్ళు మర్యాదగానే రాశారు. పంతొమ్మిదేళ్ళ సేవకు కృతజ్ఞతలు, రెండో పేరాలో ఉద్యోగం పోయిన సంగతి. నది అవతల ముసలివాళ్ళ కోసం కట్టిన కొత్త భవనంలో ఒక గది దొరికింది. ఆ గోడలు ఏమీ పలకవు. తలుపులు వాటంతటవే మెత్తగా మూసుకుంటాయి. బెరిల్‌కు ఆ నిశ్శబ్దమే భయం పుట్టించేది. మార్జరీ నెలన్నర ఫోన్ ఎత్తలేదు. పందొమ్మిది మందిని దాని మీద నిలబెట్టావు, అందులో నేనొకదాన్ని అని ఒక కార్డు మీద రాసి పంపింది. బెరిల్ ఆ కార్డు పారేయలేదు, కిటికీలో నిలబెట్టుకుంది.

కోలిన్ ఇంటికి ఊతాలు పెట్టించాడు. నేలమాళిగ గోడను పట్టి ఉంచడానికి ఇద్దరు వడ్రంగులు లోపల పనిచేస్తున్నారు. మూడో బీటకు కొత్త పట్టీ పెట్టాడు, పల్చటిది. ఊతాలు పెట్టాక కూడా ఇది విరిగితే ఇక చేసేదేమీ లేదని, పై అంతస్తు దింపేస్తారని ఊళ్ళో పేపర్లో రాశారు. దూలం దూలానికీ నంబరు వేసి, విప్పి, ఎక్కడో షెడ్డులో పెడతారట. మళ్ళీ నిలబెడతారా అని పేపరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

రోజూ పొద్దున బస్సు దిగి బెరిల్ ఆ సందులోంచే సంతకు వెళ్ళేది. సందులో నేల మట్టాన నేలమాళిగ కిటికీ ఉంది, ఇనప ఊచలతో. వంగితే మూడో పట్టీ కనబడుతుంది. ఎవరూ ఆమెను చూడమనలేదు. కోలిన్ సోమవారాలు వచ్చి చూస్తాడు. మిగతా ఆరు రోజులూ ఆమె చూసేది. అది విరక్కూడదని ఎంత కోరుకుందో మాటల్లో చెప్పలేను. ఆ పొడవాటి గది నిలబడి ఉంటే చాలు, తను లోపల లేకపోయినా ఫర్వాలేదు అనుకునేది.

డిసెంబరులో ఒక గురువారం ఊచలు మంచుకు తెల్లబడి ఉన్నాయి. బెరిల్ చేతితొడుగుతో తుడిచి వంగింది. లోపల దీపం వెలుగుతోంది. వడ్రంగులిద్దరూ పట్టీకి దగ్గర్లోనే తిరగేసిన బకెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్ళ వీపుల వెనక గోడమీద పట్టీ రెండు ముక్కలై ఉంది. వాళ్ళు చూసుకోలేదు.

ఇప్పుడు నోరు విప్పితే ఆ ఇల్లు దించేస్తారు. విప్పకపోతే ఇంకో వారం, బహుశా రెండు వారాలు ఉంటుంది.

"బాబూ" అని ఊచల్లోంచి అరిచింది. "మీ వెనక గోడ చూడండి. టీ అక్కడే పెట్టి బయటికి రండి. ఇప్పుడే."

వాళ్ళిద్దరూ సందులోకి వచ్చేదాకా నిలబడి, వచ్చాక ఫోన్ తీసింది. వేళ్ళు వణుకుతుంటే మంచు అనుకుంది. తర్వాత కాదు, భయమే అని ఒప్పుకుంది.

"కోలిన్, మూడోది విరిగింది."

అతనికీ ఆ ఇల్లంటే ఇష్టమే, పాపం.

"ఏదన్నా తగిలిందేమో బెరిల్. వడ్రంగోళ్ళ నిచ్చెనో, ఏదో."

"లేదు" అంది బెరిల్. "గోడే. తొందరగా రా."